చెల్లింపు బాండు: అమెరికా ప్రభుత్వ నిర్మాణ పనుల్లో క్లెయిము విధానం

నిర్వచనం

ప్రభుత్వ నిర్మాణ పనిని దక్కించుకున్న ప్రధాన గుత్తేదారు తన కింద పనిచేసిన ఉప గుత్తేదారులకు, కూలీలకు, సామగ్రి సరఫరాదారులకు సొమ్ము చెల్లించకపోతే ఆ బాకీని తాను తీరుస్తానని ఒక పూచీదారు సంస్థ పని మొదలు కాకముందే రాసి ఇచ్చే హామీ పత్రాన్ని చెల్లింపు బాండు అంటారు. సొమ్ము రావలసినవారు ఆ పత్రం ఆధారంగా తమ బాకీని రాబట్టుకొనే ప్రక్రియే చెల్లింపు బాండు క్లెయిము. ఈ ఏర్పాటు చట్టరూపంలో బాగా వేళ్లూనుకున్న దేశం అమెరికా. అక్కడ సమాఖ్య ప్రభుత్వ పనులకు 1935 నాటి మిల్లర్ చట్టం వర్తిస్తుంది. రాష్ట్రాలు, నగరాలు, పాఠశాల జిల్లాలు చేయించే పనులకు ఆయా రాష్ట్రాల ‘చిన్న మిల్లర్ చట్టాలు’ వర్తిస్తాయి. ఈ వ్యాసం ముఖ్యంగా సమాఖ్య విధానాన్ని వివరిస్తుంది.

నిర్మాణ గుత్తల్లో కనిపించే మరో రెండు బాండ్ల నుంచి దీన్ని వేరుచేసి చూడాలి. టెండరు బాండు, పని దక్కిన తరువాత టెండరుదారు వెనక్కు తగ్గడన్న హామీ. తెలుగు రాష్ట్రాల టెండర్లలో ధరావతు సొమ్ము చేసే పని దాదాపు ఇదే. పనితీరు బాండు, ఒప్పుకున్న పని ఒప్పుకున్న విధంగా పూర్తవుతుందన్న హామీ. ఈ రెండూ పని చేయించే ప్రభుత్వాన్ని కాపాడతాయి. చెల్లింపు బాండు మాత్రం ప్రభుత్వంతో నేరుగా ఏ ఒప్పందమూ లేని వారిని, అంటే గుత్తేదారును నమ్మి అరువు మీద సరుకు దింపిన వ్యాపారిని, వారం చివర కూలి అందుతుందని పని చేసిన కార్మికుడిని కాపాడుతుంది.

బాండు ఎందుకు అవసరమైంది

ప్రైవేటు భవనం కట్టినప్పుడు సొమ్ము అందని మేస్త్రీకి గాని, ఇటుకలమ్మిన వ్యాపారికి గాని అమెరికా రాష్ట్రాల చట్టాలు ‘మెకానిక్స్ లియెన్’ అనే హక్కును ఇస్తాయి. తన శ్రమ, తన సరుకు ఏ ఆస్తిలో కలిశాయో ఆ ఆస్తి మీదే బాకీని నమోదు చేయించి, అవసరమైతే దాన్ని అమ్మించి సొమ్ము వసూలు చేసుకొనే హక్కు ఇది. సైనిక స్థావరాన్నో తపాలా కార్యాలయాన్నో వేలం వేయించడం కుదరదు గనుక సమాఖ్య ప్రభుత్వ ఆస్తులకు ఈ హక్కు వర్తించదు. పైగా సార్వభౌమ రక్షణ అనే న్యాయసూత్రం ప్రకారం, ప్రభుత్వం తానుగా సమ్మతించిన సందర్భాల్లో తప్ప ఆ ప్రభుత్వంపై దావా నిలవదు. ఆస్తి మీదికి పోలేక, ప్రభుత్వం మీదికీ పోలేక మిగిలినవారికి ప్రత్యామ్నాయంగా చట్టం చూపిన మార్గమే చెల్లింపు బాండు.

బాండు లేకపోతే ఏమవుతుందో 1999లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ‘సైనిక శాఖ వర్సెస్ బ్లూ ఫాక్స్’ కేసు చూపుతుంది. ఆరెగన్ రాష్ట్రంలోని యుమటిల్లా సైనిక డిపోలో టెలిఫోన్ స్విచ్చింగ్ వ్యవస్థ ఏర్పాటు పనిని సైన్యం సేవల ఒప్పందంగా పరిగణించి బాండ్ల నిబంధనను తొలగించింది. ఆ వ్యవస్థ కోసం కాంక్రీటు దిమ్మెల భవనం కట్టిన ఉప గుత్తేదారు బ్లూ ఫాక్స్‌కు 46,586 డాలర్ల 14 సెంట్లు రావలసి ఉంది. తనకు సొమ్ము అందలేదని ఆ సంస్థ తెలియజేసిన తరువాత కూడా సైన్యం ప్రధాన గుత్తేదారుకు 86,132 డాలర్ల 33 సెంట్లు చెల్లించింది. ప్రధాన గుత్తేదారు నుంచి ఏమీ రాబట్టుకోలేక బ్లూ ఫాక్స్ సైన్యంపై దావా వేసింది. చెల్లించని నిధులపై గాని, ఇతర నిధులపై గాని ధర్మబద్ధమైన లియెన్ కోరడం కూడా చివరికి ప్రభుత్వం నుంచి డబ్బు కోరడమే అవుతుందని, దానికి సార్వభౌమ రక్షణ అడ్డు వస్తుందని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. బాండు తీసుకోవడంలో అధికారులు పొరబడితే ఆ నష్టం కింది గుత్తేదారు మీదే పడుతుందని, అందువల్ల పనిలో దిగేముందే బాండు ఉందో లేదో అడిగి తెలుసుకోవడం తప్పనిసరి అని ఈ కేసు స్పష్టం చేసింది.

చరిత్ర

సమాఖ్య స్థాయిలో తొలి చట్టం 1894 నాటి హర్డ్ చట్టం. దాని కింద ప్రభుత్వానికీ, కూలీలకూ, సరఫరాదారులకూ కలిపి ఒకే బాండు ఉండేది. 1905 సవరణతో ప్రభుత్వానికి తొలి ప్రాధాన్యం దక్కింది. పని పూర్తయి లెక్కలు తేలిన నాటి నుంచి ఆరు నెలల్లో ప్రభుత్వం దావా వేయకపోతేనే మిగతావారు, అదీ అందరూ కలిసి ఒకే దావాలో, కోర్టుకు వెళ్లే వీలుండేది. పని ఆలస్యమైతే లెక్కలు తేలడమూ ఆలస్యమయ్యేది. ప్రభుత్వ బాకీ తీరాక బాండులో మిగిలేదేమిటన్న ప్రశ్న అప్పుడు ఎదురయ్యేది.

ఈ చట్టాన్ని కోర్టులు ఉదారంగానే అన్వయించాయి. మిషిగన్‌లోని సెయింట్ మేరీస్ నది కాలువను లోతు చేసే పనిలో, దగ్గరలో బస గాని, పూటకూలి ఇల్లు గాని లేని అడవి ప్రాంతంలో గుత్తేదారే కూలీలకు భోజన వసతి కల్పించవలసి వచ్చింది. ఆ శిబిరానికి కిరాణా సరుకులు పంపిన వర్తకుడికి డబ్బు రాలేదు. కూలీలకు తిండి లేనిదే ఆ చోట పని సాగదు గనుక ఆ సరుకులు కూడా పనికి సమకూర్చిన సామగ్రేనని 1918లో బ్రోగన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఇటుక, సిమెంటు గోడలో కనిపిస్తాయి. కూలీ తిన్న రొట్టె కనిపించదు. అయినా రెండూ ఆ పనిలోకే వెళ్లాయని గుర్తించిన ఈ తీర్పు, చట్టం ఎవరి కోసం పుట్టిందో మరచిపోకుండా చేసిన వ్యాఖ్యానంగా నిలిచింది.

ఆర్కన్సాస్ ప్రతినిధి జాన్ మిల్లర్ పేరిట వ్యవహరించే చట్టం 1935 ఆగస్టు 24న ఆమోదం పొంది, పనితీరు బాండును, చెల్లింపు బాండును వేరుచేసింది. దీంతో ప్రభుత్వ ప్రయోజనం తీరేవరకు కార్మికులు ఆగవలసిన స్థితి తప్పింది. మొదట 2,000 డాలర్లు దాటిన ప్రతి పనికీ బాండు కావలసి ఉండగా, ఆ పరిమితి 1978లో 25,000కు, 1994లో లక్ష డాలర్లకు పెరిగింది. తరువాత ద్రవ్యోల్బణం లెక్కన కొనుగోలు నిబంధనలు దాన్ని 1,50,000కు పెంచాయి. 1959 సవరణ దావా గడువును పని లెక్కలు తేలిన తేదీ నుంచి మార్చి, క్లెయిముదారు చివరిసారి పని చేసిన లేదా సరుకిచ్చిన తేదీతో ముడిపెట్టింది. 1999 సవరణ బాండు మొత్తాన్ని పెంచి, నోటీసు పద్ధతిని సులభం చేసి, హక్కులు వదులుకొన్నట్టు ముందుగానే రాయించుకొనే అలవాటుకు అడ్డుకట్ట వేసింది. 2002లో ఈ నిబంధనలన్నిటినీ సమాఖ్య చట్ట సంపుటి 40వ శీర్షికలో 3131 నుంచి 3134 వరకు గల సెక్షన్లుగా కూర్చారు.

పక్షాలు, బాండు మొత్తం

బాండులో మూడు పక్షాలు ఉంటాయి: హామీకి మూలమైన ప్రధాన గుత్తేదారు, హామీ పొందే ప్రభుత్వం, హామీ ఇచ్చే పూచీదారు. ఇది బీమా సంస్థలు ఇచ్చే పత్రమే అయినా మామూలు బీమా కాదు. బీమాలో నష్టాన్ని సంస్థే భరిస్తుంది. పూచీలో మాత్రం సంస్థ చెల్లించిన ప్రతి డాలరునూ గుత్తేదారు తిరిగి కట్టాలి. ఇందుకోసం బాండు ఇచ్చే ముందే గుత్తేదారు నుంచి, తరచు యజమానుల నుంచి వ్యక్తిగతంగా కూడా, నష్టపరిహార ఒప్పందం రాయించుకుంటారు. సమాఖ్య పనులకు పూచీపడే సంస్థలు ఖజానా శాఖ ఆమోదం పొంది ఉండాలి; ఏ సంస్థ ఎంత మొత్తం వరకు పూచీపడవచ్చో కూడా ఆ శాఖే ‘సర్క్యులర్ 570’ పేరిట ప్రకటిస్తుంది.

బాండు మొత్తం సాధారణంగా ఒప్పందపు పూర్తి విలువకు సమానంగా ఉండాలి. అది ఆచరణసాధ్యం కాదని ఒప్పంద అధికారి లిఖితపూర్వకంగా కారణం చూపితే తగ్గించవచ్చు గాని, పనితీరు బాండు మొత్తం కంటే తగ్గకూడదు. 1999కి ముందు 50 లక్షల డాలర్లు దాటిన పనులన్నిటికీ చెల్లింపు బాండు 25 లక్షల డాలర్లకే పరిమితమై ఉండేది. కోట్ల డాలర్ల పనిలో ఆ మొత్తం ఏ మూలకూ చాలేది కాదు.

క్లెయిముకు అర్హులు

అర్హత క్లెయిముదారు ఎంత పని చేశాడన్న దానిపై కాక, గుత్తల గొలుసులో అతను ఏ మెట్టు మీద ఉన్నాడన్న దానిపై ఆధారపడుతుంది. ప్రధాన గుత్తేదారుతో నేరుగా ఒప్పందం ఉన్న ఉప గుత్తేదారులు, సరఫరాదారులు, కార్మికులు మొదటి శ్రేణి. ప్రధాన గుత్తేదారుతో సంబంధం లేకుండా, ఉప గుత్తేదారుతో నేరుగా ఒప్పందం ఉన్నవారు రెండవ శ్రేణి. ఈ రెండు శ్రేణులకే రక్షణ. మూడవ శ్రేణి వారికి, వారి సరుకు ప్రభుత్వ భవనంలో కళ్లెదుట కనిపిస్తున్నా సరే, బాండుపై హక్కు లేదు.

రెండవ శ్రేణిలో సైతం ఒక సూక్ష్మమైన గీత ఉంది. న్యూజెర్సీలోని లిండెన్ దగ్గర రక్షణ రంగ గృహ సముదాయం కడుతున్న మాక్‌ఎవాయ్ సంస్థ ఒక వ్యాపారి నుంచి సామగ్రి కొని పూర్తి ధర చెల్లించింది. ఆ వ్యాపారి తనకు సరుకమ్మిన మరో సంస్థకు 12 వేల డాలర్లకు పైగా బాకీపడ్డాడు. ఆ సంస్థ వేసిన క్లెయిమును 1944లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఒప్పందంలోని పనిలో నిర్దిష్టమైన భాగాన్ని తన మీద వేసుకొన్నవాడే ఉప గుత్తేదారు, సామగ్రి మాత్రమే అమ్మినవాడు సరఫరాదారు, సరఫరాదారుకు సరఫరా చేసినవాడు చట్టం పరిధిలోకి రాడు అన్నది ఆ తీర్పు సారాంశం. ఒక వ్యాపారి ఉప గుత్తేదారా, సరఫరాదారా అని తేల్చేటప్పుడు అతని పని ఈ నిర్మాణానికే ప్రత్యేకంగా తయారైందా, ఒప్పందంలో అతని వాటా ఎంత పెద్దది, ప్రధాన గుత్తేదారుతో అతని సంబంధం ఎంత లోతైనది అన్న అంశాలను కోర్టులు చూస్తాయి.

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒక ఆసుపత్రి నిర్మాణంలో మంటలార్పే నీటి గొట్టాల పని చేసిన కార్మికుల విషయంలో ఈ గీత మరింత బాధాకరంగా కనిపిస్తుంది. వారి యజమాని ఉప గుత్తేదారుకు ఉప గుత్తేదారు. కార్మిక సంఘ నిధికి చేరవలసిన సొమ్ము ఆగిపోయినప్పుడు నిధి ధర్మకర్తలు బేట్‌సన్ కేసులో బాండును ఆశ్రయించారు. అమెరికా కాంగ్రెస్ ఉద్దేశించిన అర్థంలో ఉప గుత్తేదారు అంటే ప్రధాన గుత్తేదారుతో ఒప్పందం ఉన్నవాడేనని 1978లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రధాన గుత్తేదారుకు తన బాధ్యత ఎంతవరకో ముందే తెలియాలన్న తర్కానికి బలముంది; అయితే గొలుసు పొడవెక్కే కొద్దీ అతి తక్కువ మూలధనం ఉన్నవారు రక్షణకు వెలుపలే మిగిలిపోతున్నారన్నదీ వాస్తవమే. అర్హమైన శ్రేణి కార్మికుల విషయంలో మాత్రం, వారి సంక్షేమ నిధికి యజమాని కట్టవలసిన వాటాను కూడా బాండు కింద కోరవచ్చని 1957లోనే తీర్పు వచ్చింది.

నోటీసు, గడువులు

క్లెయిములు ఎక్కువగా చతికిలపడేది ఇక్కడే. చట్టంలో 90 రోజులన్న అంకె రెండు చోట్ల, రెండు భిన్నమైన పనులకు వస్తుంది. చివరిసారి పని చేసిన లేదా సరుకిచ్చిన రోజు నుంచి 90 రోజులు గడిచినా పూర్తి సొమ్ము అందకపోతేనే దావా వేయవచ్చు; ఇది ఆగవలసిన కాలం. రెండవ శ్రేణి క్లెయిముదారు అదే 90 రోజుల్లోపల ప్రధాన గుత్తేదారుకు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇది దాటకూడని గడువు. మొదటి శ్రేణికి నోటీసు అక్కరలేదు, ఎందుకంటే తాను ఎవరికి బాకీపడ్డాడో ప్రధాన గుత్తేదారుకు తెలిసే ఉంటుంది. దావాకు చివరి గడువు ఇద్దరికీ ఒకటే: ఆ చివరి రోజు నుంచి ఏడాది.

ఉదాహరణకు, ఉప గుత్తేదారుకు కాంక్రీటు పంపే వ్యాపారి ఆఖరి లారీ మార్చి 1న పనిచోటుకు చేరిందనుకుంటే, ప్రధాన గుత్తేదారుకు నోటీసు మే 30లోగా అందాలి, దావా ఆ తరువాత మొదలై మరుసటి ఏడు మార్చి 1లోగా దాఖలు కావాలి. ఏప్రిల్‌లో లోపమున్న సరుకును మార్చి ఇచ్చాడనో, చేసిన పనికి చిన్న మరమ్మతు చేశాడనో ఈ లెక్క మళ్లీ మొదలు కాదు. ఒప్పందంలోని అసలు పనికి, లోపాన్ని సరిదిద్దే పనికి కోర్టులు తేడా పాటిస్తాయి. అందుకే చివరి డెలివరీ చలానా, దానిపై పనిచోటు మేస్త్రీ సంతకం, ఆ రోజు హాజరు పట్టీ కోర్టులో బిల్లుల కంటే ఎక్కువ బరువు తూగుతాయి.

నోటీసులో రెండు విషయాలు తప్పక ఉండాలి: కోరే మొత్తం దాదాపు ఖచ్చితంగా, పని లేదా సరుకు ఎవరికి ఇచ్చారో వారి పేరు. ‘మాకు బాకీ ఉంది, చూడగలరు’ అన్న ధోరణిలో సాగే ఉత్తరం చాలదు. ఆ సొమ్ము కోసం ప్రధాన గుత్తేదారు వైపే చూస్తున్నట్టు చదివితే అర్థం కావాలి. అందినట్టు మూడో పక్షం లిఖిత ధ్రువీకరణ ఇచ్చే ఏ పద్ధతిలోనైనా నోటీసు పంపవచ్చు. పద్ధతిలో లోటున్నా ఉత్తరం నిజంగా చేరినట్టు రుజువైతే చాలునని 1940లోనే ఫ్లీషర్ కేసులో తేలింది. పద్ధతి విషయంలో ఇంత సహనం చూపే కోర్టులు తేదీ విషయంలో చూపవు. పూచీదారుకు నోటీసు ఇవ్వాలని మిల్లర్ చట్టం కోరదు. అయినా ఒక ప్రతి పంపడం మేలు, విచారణ త్వరగా మొదలవుతుంది.

బాండు ప్రతి చేతిలో లేనివారు, తాము పని చేశామని, సొమ్ము అందలేదని ప్రమాణపత్రం దాఖలు చేస్తే పని చేయించిన శాఖ ఒప్పందపు ప్రతిని, బాండు ప్రతిని ధ్రువీకరించి ఇవ్వాలి.

పూచీదారు విచారణ, దావా

క్లెయిము అందగానే పూచీదారు ఒప్పందం, బిల్లులు, చలానాలు, అందిన చెల్లింపుల వివరాలు అడిగి, ప్రధాన గుత్తేదారు వివరణ తీసుకుంటుంది. పని లోపభూయిష్ఠమని, బాకీ ఇప్పటికే తీరిందని గుత్తేదారు చెప్పగలిగిన సమాధానాలను సాధారణంగా పూచీదారూ చెప్పవచ్చు. అయితే ‘ప్రభుత్వం నాకు చెల్లించాకే నీకు చెల్లిస్తాను’ అన్న షరతును అడ్డుపెట్టుకొని పూచీదారు తప్పుకోలేదని 2002లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు వాల్టన్ టెక్నాలజీ కేసులో నిర్ణయించింది. హక్కు వదులుకొన్నట్టు రాసిచ్చిన పత్రం చెల్లాలంటే అది లిఖితపూర్వకంగా, సంతకంతో, పని చేసిన తరువాత రాసినదై ఉండాలి; పని ఇచ్చేటప్పుడే తెల్లకాగితం మీద చేయించుకొన్న సంతకం చెల్లదు.

పరిష్కారం కుదరకపోతే పని జరిగిన ప్రాంతపు సమాఖ్య జిల్లా కోర్టులో, మొత్తం ఎంత చిన్నదైనా, దావా వేయాలి. దావా అమెరికా ప్రభుత్వం పేరిట, క్లెయిముదారు ప్రయోజనార్థం నడుస్తుంది. ఖర్చు మాత్రం ప్రభుత్వానిది కాదు.

చేసిన పనికి, ఇచ్చిన సరుకుకు ఒప్పందపు ధర, అనుమతితో చేసిన అదనపు పని విలువ రాబట్టుకోవచ్చు. సరుకు గోడలోకి వెళ్లిందని రుజువు చేయనక్కరలేదు. ఈ పని కోసమేనన్న సద్భావంతో ఇచ్చి ఉంటే చాలు. పని ఆలస్యం వల్ల పెరిగిన కూలి, సామగ్రి ఖర్చును పలు అప్పీలు కోర్టులు అనుమతించాయి గాని, రాకుండా పోయిన లాభాన్ని అనుమతించలేదు. లాయరు ఫీజు చట్టం ద్వారా రాదని 1974లో ఎఫ్.డి. రిచ్ కేసులో తేలింది.

రాష్ట్రాల చట్టాలు

రాష్ట్రాల చట్టాలు మిల్లర్ చట్టపు నమూనాలోనే ఉన్నా గడువులు ఒక్కో చోట ఒక్కో తీరు. ప్రధాన గుత్తేదారుతో నేరు ఒప్పందం లేనివారికి మసాచుసెట్స్‌లో 65 రోజులు, న్యూయార్క్‌లో 120 రోజుల నోటీసు గడువు ఉంది. ఫ్లోరిడాలో అలాంటివారు పని మొదలుపెట్టిన 45 రోజుల్లోనే తమ ఉనికిని గుత్తేదారుకు తెలియజేయాలి. టెక్సస్‌లో లెక్క నెలవారీ: ఏ నెల పనికి సొమ్ము రాలేదో ఆ నెల తరువాత మూడవ నెల 15వ తేదీలోగా నోటీసు ఇవ్వాలి. కాలిఫోర్నియా, బాండుతోపాటు, గుత్తేదారుకు చేరవలసిన నిధులను ప్రభుత్వ సంస్థ దగ్గరే ఆపించే నోటీసు హక్కును కూడా ఇస్తుంది. ఒక రాష్ట్రంలో అలవడిన పద్ధతిని మరో రాష్ట్రంలో పాటించి హక్కు పోగొట్టుకొనే ప్రమాదం ఈ తేడాల వల్లే ఉంది.

భారతదేశంలో

ప్రతి ప్రభుత్వ పనికీ ఉప గుత్తేదారుల కోసం చెల్లింపు బాండును తప్పనిసరి చేసే మిల్లర్ చట్టం వంటి చట్టం భారతదేశంలో లేదు. ధరావతు, బ్యాంకు గ్యారంటీ, బిల్లుల్లో నిలిపి ఉంచే మొత్తం ఇవన్నీ పని చేయించే శాఖను కాపాడేవే. బీమా నియంత్రణ సంస్థ మార్గదర్శకాలతో 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన పూచీ బీమాను కూడా ముఖ్యంగా బ్యాంకు గ్యారంటీకి ప్రత్యామ్నాయంగానే తెచ్చారు. కూలీల విషయంలో, గుత్తేదారు వేతనం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాలని, 2025 వరకు అమలులో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ నిర్దేశించింది. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో సొమ్ము చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి చట్టం చెబుతుంది. అయితే ఆ హక్కు కొన్నవాడి మీదే గాని మరో పూచీదారు మీద కాదు. కొన్నవాడు చేతులెత్తేస్తే, ప్రభుత్వ పనికి సిమెంటు, ఇనుము అరువిచ్చిన వ్యాపారి ఆశ్రయించడానికి ఇక్కడ రెండవ సంతకం ఉండదు.